విమానం ఎక్కేలోపు దాటాల్సిన వాగులు



మేము ఉట్నూరు ఏజెన్సీలో గిరిజన హాస్టళ్లు చూసుకునే వార్డెన్లం. టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చి, పాఠాలతో పాటు పిల్లల అన్నం, దుప్పట్లు, జ్వరాలు కూడా చూసుకుంటున్నాం. పదో తరగతి పాసైతే చాలనుకున్న ఇళ్ల నుంచే ఇప్పుడు "మేడం, విదేశంలో ఎమ్మెస్ చేయాలంటే ఏం కావాలి?" అని ఫోన్లు వస్తున్నాయి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ బిడ్డే. ఆ బిడ్డ గురించే ఈ నాలుగు మాటలు.

మనకు విదేశం కొత్త కాదు. వియన్నాలో చదివిన హైమండార్ఫ్ గారు 1940లలో మార్లవాయిలో ఉండి మన జీవితం గురించి రాశారు. 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. ఆయన తీసిన మన పెద్దల ఫొటోలు ఇప్పటికీ లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. మనల్ని చదవడానికి వాళ్లు వచ్చారు. ఇప్పుడు చదువుకోవడానికి మన పిల్లలు వెళ్తున్నారు. అంతకుముందే రాంచీ దగ్గరి ముండా బిడ్డ జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యారు, ఆ తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున మాట్లాడారు. ఆయన్ను ఇంగ్లండ్ తీసుకెళ్లింది ఆయన చదివిన బడి పెద్ద. తెలివి ఆయనదే కానీ, వెనక ఒక మనిషి నిలబడ్డాడు. మన పిల్లలకు లేనిది ఆ మనిషే.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తంలో ఏడాదికి 20 మంది గిరిజన విద్యార్థులకు వస్తుంది. అందులో 3 మన కొలాం, తోటి, చెంచు లాంటి తెగల పిల్లలకు కేటాయించినవి. మన రాష్ట్రం కూడా 20 లక్షల సాయంతో పథకం పెట్టింది. కానీ అందులో మొదటి విడత అందేది విమానం దిగి, ఇమిగ్రేషన్ కాగితం చూపించాకే. విమానం ఎక్కేదాకా అయ్యే ఖర్చు ఎవరు పెట్టాలి? ఇంగ్లీషు పరీక్షకు వేలల్లో ఫీజు. అమెరికా అయితే సెవిస్‌కు 350 డాలర్లు, వీసాకు మరో 185 డాలర్లు. ఆపైన టికెట్టు, యూనివర్సిటీ అడిగే ముందస్తు ఫీజు.

అప్పు తెద్దామంటే బ్యాంకు హామీ అడుగుతుంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం కాపాడుతోంది. ఆ చట్టం మన ప్రాణం, దాన్ని వదులుకునే మాటే లేదు. కానీ వేలం వేయలేని భూమిని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకు వెనకాడుతుంది.

మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయికి ఇంగ్లండ్‌లో సీటొచ్చింది. అక్కడి వీసాకు చూపించే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. చుట్టాలందరూ తలా కొంత వేశారు. ఇరవయ్యో రోజున ఒకరింట్లో ఆపరేషన్ వచ్చింది, డబ్బు తీయక తప్పలేదు. గడువు దాటింది, సీటు పోయింది. ఇప్పుడా అమ్మాయి మండల కేంద్రంలో కంప్యూటర్ పని చేస్తోంది. చదువులో ఆమె ఎక్కడా తగ్గలేదు. ఎనిమిది రోజుల డబ్బు దగ్గర ఆగిపోయింది.

ఇంకో వాగు కాగితాలది. ఇంట్లో పిలిచే పేరొకటి, బడిలో రాసిన పేరొకటి, ఆధార్‌లో ఇంకొకటి. పాస్‌పోర్టు దగ్గర ఈ మూడూ కలవవు. దీన్ని తొందరపెట్టే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించి రావద్దు.

మూడోది అమ్మానాన్నల బెంగ. ఒక తండ్రి మమ్మల్ని అడిగాడు: "లండన్ అంటే హైదరాబాద్ దాటి ఇంకెంత దూరం మేడం? పండుగకు వస్తాడా?" సిగ్నల్ కోసం గుట్టెక్కే మనిషికి ఆ దూరం మనమే విడమరిచి చెప్పాలి.

అందుకే సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, ఉద్యోగాల్లో ఉన్న మనమంతా తలా ఒక నెల జీతంలో కొంత వేసి చేబదులు నిధి పెడదాం. పిల్లలు స్కాలర్‌షిప్ మొదటి విడత రాగానే తిరిగి కడతారు, ఆ డబ్బు ఇంకొకరికి పోతుంది. రెండు, పదో తరగతి నామినల్ రోల్ పంపేలోపే పేరు, పుట్టిన తేదీ, కులం సర్టిఫికెట్ సరిచూడాలి. ఈ పని మా వార్డెన్లం చేస్తాం. మూడు, ఇప్పటికే వెళ్లినవాళ్లు వెళ్లబోయే పిల్లల అమ్మానాన్నలతో గోండిలో, కొలామిలో ఫోన్లో మాట్లాడాలి. మేము వంద చెప్పినా, వెళ్లిన బిడ్డ చెప్పిన ఒక్క మాటకు సాటి రాదు.

బిడ్డల్లారా, అక్కడ తోటి తెలుగువాళ్లు కూడా ముందు ఇంటిపేరే అడగొచ్చు. మడావి, ఆత్రం, సిడాం, ఏదైనా సరే, తల వంచకుండా చెప్పండి. మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థం కాకపోతే అడగండి. హాస్టల్లో రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడ్డట్టు అక్కడ పడొద్దు. జొన్న గట్క గుర్తొస్తే ఇంటికి ఫోన్ చేయండి, ఏడుపొస్తే ఏడవండి, కానీ చదువు మధ్యలో వదలొద్దు.

నిధికి ఈరోజే పుస్తకం తెరుద్దాం. మొదటి పేర్లు మా వార్డెన్లవే రాసుకోండి.

జై సేవా. జై ఆదివాసీ.