ఈశ్వరరెడ్డన్నను ఎట్లా తలచుకోవాల?

(వేంపల్లె సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)



యెద్దుల ఈశ్వరరెడ్డి గారిని తలచుకోవడానికి ఈ పొద్దు మనమంతా కూడినాం. ఆయన పార్లమెంటులో ఉన్న కాలానికి మాలో చాలామందిమి పిల్లలం. పెద్దలు అన్న అంటే మేమూ అన్న అనే అన్నాం.

అన్నది జమ్మలమడుగు తాలూకా పెద్దపసుపుల. కలిగిన రైతు కుటుంబం. కమ్యూనిస్టు పార్టీ తరఫున 1952లో మొదటి లోక్‌సభకే కడప నుంచి గెలిచినారు. 1957లో ఆ సీటు కాంగ్రెస్‌కు పోయింది. 1962, 1967, 1971లలో జనం మళ్లీ ఆయన్నే పంపినారు. 1986లో కన్నుమూసినారు.

మన జిల్లా పేరు చెబితే బాంబులు, కొట్లాటలు అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఈ గడ్డే ఒక నెమ్మదైన మనిషిని నాలుగుసార్లు గెలిపించింది.

అన్న నిరాడంబరంగా బతికినారు. అది మంచి గుణమని మెచ్చుకొని మనం ఇంటికి పోతాం. మేం చెప్పేది, అదే ఆయన రాజకీయం. కోట్లు పోసి గెలిచినోడు ముందు ఆ కోట్లు రాబట్టుకోవాల. రైతు గోడు తర్వాత. తనకంటూ ఏమీ కోరనోడే ఎవరికీ జంకకుండా రైతు పక్షాన నిలబడగలడు.

మరి మనమేం చేయాల? పటానికి దండ వేస్తే సరిపోదు. పాపాఘ్ని ఒడ్డు నుంచి జమ్మలమడుగు నల్లరేగళ్ల దాకా కౌలు రైతులు ఎంతమంది లేరు? పెట్టుబడి వాళ్లది, నష్టం వాళ్లది. పంట పోతే కాగితంలో పేరు మాత్రం భూమి యజమానిది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఇస్తారు. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి అదే ఆధారం. దానికి యజమాని సంతకం కావాల. సంతకం పెడితే భూమి పోతుందని యజమానులకు భయం. భూమి హక్కుకు ఏ ఢోకా లేదని ఆ చట్టంలోనే రాసి ఉంది.

ఈ మాట ఇంటింటికీ పోయి ఎవరో ఒకరు చెప్పాల. ఊరికిద్దరు కార్యకర్తలు పూనుకోండి. కౌలు రైతును వెంటబెట్టుకొని యజమాని గడప తొక్కండి. ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు పడేదాకా రైతు సేవా కేంద్రాన్ని వదలొద్దండి. ఈ పనికి మైకు ఉండదు, ఫొటో ఉండదు. అన్న బతికిన తీరు గుర్తుంటే, ఆ లోటు మనకు లోటుగా తోచదు.

సెలవు.