మన జాడ మన చేతిలో ఉండాలి

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇప్పుడు మన చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. మాట్లాడుకుంటున్నాం. డబ్బులు పంపుకుంటున్నాం. మంచిదే. కానీ ఆ ఫోను మనం ఎక్కడున్నామో ఇతరులకు చెప్పగలదు. మనం నోరు విప్పకపోయినా చెప్పగలదు. అదెలాగో తెలుసుకుందాం.

ఫోనుకు మన జాడ ఎలా తెలుస్తుంది?

మొదటిది టవరు. ఫోను ఆన్‌లో ఉన్నంతసేపూ దగ్గర్లోని టవరుతో సంబంధం పెట్టుకునే ఉంటుంది. లేకపోతే మనకు కాల్ ఎలా వస్తుంది? అందుకే మనం ఏ టవరు దగ్గర ఉన్నామో ఫోను కంపెనీకి తెలుస్తుంది.

రెండోది జీపీఎస్. భూమికి సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున కొన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. అవి పంపే సంకేతాలను ఫోను అందుకుంటుంది. లెక్క కట్టి, మనం ఏ వీధిలో ఉన్నామో కనుక్కుంటుంది. పైనుంచి ఉపగ్రహం మనల్ని చూస్తోందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మన చోటు తెలిసేది ఫోనుకే. ఆ ఫోను ఎవరికి చెబుతుందన్నదే అసలు సంగతి.

ఎవరికి చెబుతుంది?

మనం సరే అన్న యాప్‌లకు చెబుతుంది. "మీ లొకేషన్ తెలుసుకోవచ్చా?" అని యాప్ అడుగుతుంది. మనం చదవకుండా నొక్కేస్తాం. కాగితంలో ఏముందో తెలియక వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లల్లో లేరా? ఇదీ అలాంటిదే. ఆటోను పిలిచే యాప్‌కు మన చోటు తెలియాలి. టార్చిలైటు యాప్‌కు ఎందుకు?

తెలిస్తే నష్టమేమిటి?

భర్త కొడుతున్నాడని ఒకామె స్నేహితురాలి ఇంటికి వెళ్లిందనుకోండి. ఆమె ఫోనులో అతను ముందే లొకేషన్ పంపే ఏర్పాటు చేసి పెట్టాడు. గంటలో ఆ గుమ్మం ముందుకు వస్తాడు. ఆమెకు దాక్కునే చోటు ఏది?

పేరు లేకపోయినా దారి మనిషిని పట్టిస్తుంది. స్ట్రావా అనే యాప్ జనం నడిచిన, పరుగెత్తిన దారులన్నీ కలిపి 2017లో ఒక పటం వేసింది. అందులో ఎవరి పేర్లూ లేవు. అయినా సైనికులు పరుగెత్తిన దారులను బట్టి కొన్ని సైనిక స్థావరాలు ఎక్కడున్నాయో 2018 జనవరిలో బయటపడింది.

మరి ఏం చెయ్యాలి?

1. సెట్టింగ్స్‌లో లొకేషన్ అని ఉంటుంది. ఏయే యాప్‌లకు అనుమతి ఉందో అక్కడ చూడండి. అక్కరలేనివాటికి తీసెయ్యండి. అవసరమైనవాటికి "వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి.

2. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు పంపొచ్చు. మీ లొకేషన్ ఎవరికైనా వెళ్తోందా? చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో కూడా చూడండి.

3. ఫోనుకు తాళం పెట్టుకోండి. ఆ నంబరు ఎవరికీ చెప్పకండి.

4. ఊరెళ్లినప్పుడు తీసిన ఫోటోలు తిరిగొచ్చాక పెట్టండి. ఇల్లు ఖాళీగా ఉందని లోకానికి చాటకండి.

ఒక జాగ్రత్త. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే లొకేషన్ ఒక్కసారిగా ఆపెయ్యకండి. అతనికి తెలిసిపోతే కోపంతో మీద పడొచ్చు. ముందు వేరేవాళ్ల ఫోను నుంచి 181కి చెయ్యండి. అది మహిళల సహాయ నంబరు. ప్రాణం మీదికి వస్తే 112కి చెయ్యండి.

ఇంకో మాట. లొకేషన్ ఆపినా టవరుకు తెలుస్తూనే ఉంటుంది. అలాగని ఫోను చూసి భయపడొద్దు. రాత్రిపూట ఒంటరిగా వస్తుంటే నమ్మిన మనిషికి మనమే గంటసేపు జాడ పంపుకోవచ్చు. ఎవరికి చెప్పాలో, ఎంతసేపు చెప్పాలో మనమే నిర్ణయించుకోవాలి.

ఇది మన హక్కు కూడా. సొంత బతుకు గుట్టుగా ఉంచుకోవడం ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా తీర్పు చెప్పారు.

మనం అక్షరాలు దిద్దుకున్నాం. ఇక ఫోను అడిగే ప్రశ్నను కూడా చదువుదాం. చదివి, ఆలోచించి, అప్పుడు నొక్కుదాం.

చర్చించండి

మీ ఫోనులో లొకేషన్ అనుమతి ఎన్ని యాప్‌లకు ఉంది?

వాటిలో నిజంగా అవసరమైనవి ఏవి?