నలుబదియవ యేట అక్షరారంభము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయ రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పు భాగ్యము నాకు కలిగించిన కార్యవర్గమువారికి నా నమస్సులు. ఇట్టి సభలలో గ్రంథాలయమును పొగడుట ఆచారము. పొగడదగినది చాల కలదు. కాని నేడు నేను పొగడ్తకు మారుగా ఒక చింతను మీ ముందుంచ దలచితిని. అది మన అరుగుమీద కూర్చుండువారిని గూర్చినది.

ప్రతి సాయంకాలము కొందరు పెద్దలు ఈ అరుగుమీద చేరుదురు. ఎవరైన బాలుడు వార్తాపత్రిక బిగ్గరగా చదివిన విందురు, ప్రశ్నింతురు, వాదింతురు, లేచిపోవుదురు. గడప దాటి లోనికి మాత్రము రారు. వారిలో ఒక వృద్ధుని నేనొకనాడు లోనికి రమ్మని పిలిచితిని. ఆయన నవ్వి, "ఈ వయసులో నాకేం సదువప్పా?" అనెను. ఆ మాట నా మనస్సును చాల దినములు విడువలేదు. దానికి సమాధానము వెదకుచు నేను ఒక దూరదేశపు జాతి చరిత్రను చదువవలసివచ్చెను. అది యూదుల చరిత్ర.

రాయలసీమ గ్రామములో యూదుల ప్రసక్తి యేల యని మీరడుగవచ్చును. వారు మన దేశమునకు క్రొత్తవారు కారు. తళ్ళికోట యుద్ధము 1565లో జరిగిన పిమ్మట విజయనగర రాజ్యమునకు మన పెనుకొండ రాజధాని యయ్యెను గదా. ఆ కాలముననే, 1568లో, కొచ్చిలో నేటికిని నిలిచియున్న యూదుల ప్రార్థనామందిరము నిర్మింపబడెను. కొంకణ తీరమున మరాఠీ మాటలాడు యూదులు తరతరములుగా జీవించిరి. అంతయేల, తెలుగు మాటలాడువారును కలరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో కొన్ని కుటుంబములవారు తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొందురు. వారి వాదమును ఇశ్రాయేలు దేశపు మతాధికారులు అధికారికముగా అంగీకరింపలేదు. అయినను నేను చెప్పదలచినది వంశమును గూర్చి కాదు. కూలి పనులు చేసికొను పేదవారు, వయస్సు వచ్చిన పిమ్మట, తమ చిన్న మందిరములో కూర్చుండి హీబ్రూ అక్షరములు దిద్దుకొనిరి. అది నాకు ముఖ్యము.

యూదులకు చదువు బాల్యముతో ముగియునది కాదు. ప్రార్థనామందిరమును ఐరోపా యూదులు తమ యిద్దిషు భాషలో 'షూల్' అందురు. ఆ మాటకు పాఠశాల యని యర్థము. దేవాలయమును బడి యని పిలుచుకొన్న జాతి అది.

వారి ప్రాచీన గ్రంథములలో అకీవా అను పండితుని కథ కలదు. అతడు మొదట గొఱ్ఱెల కాపరి. నలుబది యేండ్లు వచ్చువరకు అక్షరము ముక్క యెరుగడు. ఒకనాడు నీటి బిందువులు పడిపడి రాతిని తొలిచిన చోటును చూచెను. మెత్తని నీరు కఠిన శిలను తొలువగా, విద్య నా హృదయమున ప్రవేశింపదా యని తలచెను. వెంటనే తన చిన్న కుమారునితో కూడ ఉపాధ్యాయుని కడకు పోయెను. పలకకు ఒకవైపు తండ్రియు, వేరొకవైపు కుమారుడును పట్టుకొని అక్షరములు నేర్చిరట. ఆ కాపరియే పిమ్మట యూదు ధర్మశాస్త్రమునకు మూలస్తంభములలో నొకడయ్యెను. మన పాత బావుల గట్టు రాళ్లను మీరెరుగుదురు. చేదత్రాటి ఒరపిడికి ఆ రాళ్లమీద వేలు పట్టునంత గాడులు పడియున్నవి. అకీవా చూచిన సత్యము మన ఊరి బావి గట్టుననే కలదు.

వేరొక కథ హిల్లేలు అను వానిది. అతడు దినకూలి. వచ్చిన కూలిలో సగము ఇంటికి, సగము విద్యాలయపు ద్వారపాలకునికి ఇచ్చి లోనికి పోయెడివాడు. చలికాలమున ఒకనాడు కూలి దొరకలేదు. ద్వారపాలకుడు పోనీయలేదు. హిల్లేలు మిద్దె యెక్కి, పైకప్పు గవాక్షమునకు చెవి యొగ్గి పాఠము వినుచుండగా మంచు కురిసి అతనిని కప్పివేసెను. తెల్లవారి, గదిలోనికి వెలుగు రాకుండుట చూచి గురువులు తల యెత్తగా మనిషి యాకారము కనబడెను. దింపి చలి కాచి బ్రదికించిరి.

ఈ కథ విన్నప్పుడు అందరును హిల్లేలును మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ ద్వారపాలకుడే కనుల ముందు మెదలును. మన గ్రంథాలయమునకు ద్వారపాలకుడు లేడని మనము గర్వింతుము. కాని చందా యొక ద్వారపాలకుడు. ధరావతు ఇంకొక ద్వారపాలకుడు. కులము పేర, స్త్రీ యను పేర, 'చదువురాని వానికి ఇక్కడ పనియేమి' అను చూపు పేర నిలుచువారును ద్వారపాలకులే. యూదులలోను ఈ దోషము లేకపోలేదు. తాల్ముదు అధ్యయనము బహుకాలము పురుషుల సొత్తుగా నుండెను. ఇరువదియవ శతాబ్దమున గాని స్త్రీలకు ఆ తలుపులు విశేషముగా తెరువబడలేదు.

ఇక సమీప కాలపు ఉదాహరణము. ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ అను జర్మను యూదు తత్త్వవేత్త యుండెను. తన మతమును గూర్చి అంతగా తెలియని కుటుంబమున పుట్టి, 1913లో క్రైస్తవము స్వీకరింపబోయి, తుదకు తన సంప్రదాయమునే క్రొత్తగా నేర్చుకొన నిశ్చయించెను. తనవంటి వయోజనుల కొరకు 1920లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక స్వేచ్ఛా విద్యాలయమును నడప పూనుకొనెను. అందు ప్రవేశ పరీక్ష లేదు. పండితుడే బోధింపవలెనను నియమమును లేదు. ఒక రసాయన శాస్త్రజ్ఞుడు బైబిలు పాఠము చెప్పెను. తెలిసినవాడు తెలియనివానికి ఇచ్చుట కాదు, ఇద్దరును కలిసి వెదకుట అచటి పద్ధతి. 1922లో ఆయనకు పక్షవాతమువంటి ఘోరవ్యాధి సోకెను. క్రమముగా చేయియు, నోరును పడిపోయినను 1929లో మరణించువరకు భార్య సహాయముతో వ్రాయుట మానలేదు. 1933లో నాజీలు యూదులను బడులనుండి, కొలువులనుండి వెడలగొట్టినప్పుడు మార్టిన్ బూబర్ ఆ విద్యాలయమును మరల తెరచెను. 1938 వరకు అది నడచెను. బయట తలుపులన్నియు మూయబడిన దినములలో ఆ జనులకు చదువు గౌరవమును నిలిపికొను సాధనమయ్యెను.

1980లో బ్రిటనులో ప్రారంభమైన 'లిమ్ముద్' అను యూదు విద్యా సమ్మేళనమునకు ఏ విధమైన నేపథ్యము గలవారైనను రావచ్చును. అచట పేరు చీటీలపై బిరుదములు వ్రాయరు. ప్రతివాడును విద్యార్థియే, ప్రతివాడును ఉపాధ్యాయుడు కాగలడని వారి సూత్రము.

యూదుల అధ్యయనములో ఇంకొక మంచి పద్ధతి కలదు. ఇద్దరిద్దరు జంటగా కూర్చుండి ఒకరు చదువగా వేరొకరు ప్రశ్నింతురు. దానిని 'హవ్రూతా' అందురు. స్నేహము అను అర్థము గల మాటనుండి పుట్టినది అది. ధర్మవరపు నేతగాండ్రకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. పడుగును పేకయు కలిసిన గాని పట్టుచీర కాదు.

సోదరులారా, మన ప్రాంతము దీనికి తగినది. పెనుకొండలో జైన మందిరమును, బాబయ్య దర్గాయు, హిందూ దేవాలయములును ఒకే కొండ నీడన నిలిచియున్నవి. హిందూపురపు సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. కదిరి చేరువను కటారుపల్లెలో వేమన సమాధి కలదు. ఇన్ని వెలుగుల నడుమ నున్నను, 2011 జనాభా లెక్కలలో నాటి అనంతపురము జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతమే. స్త్రీలలో సుమారు 54 శాతమే. 2022లో మన మూడు పట్టణములును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినంతమాత్రమున వేలిముద్రలు సంతకములుగా మారవు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా తలపలేదు. మన సీమవారే యైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజన విద్యను రెండు కన్నులుగా చూచుకొనిరి. వారి ఋణము మనము తీర్చవలెను.

కావున మూడు విన్నపములు. వారమునకొక సాయంకాలము ఇక్కడ జంటల చదువు పెట్టుదము. చదువువచ్చిన వానికి రానివానిని జతచేయుదము. పాసుపుస్తకము, అర్జీ, వార్తాపత్రికలతో మొదలిడి పద్యములకు, ధర్మగ్రంథములకు పోవుదము. ఏ మతము వారైనను తమ గ్రంథమును తామే అందరికి వివరింతురు గాక. ఆ సాయంకాలము చందాయు, ధరావతును అడుగరాదు. స్త్రీలకు అనువైన వేళను వారినే నిర్ణయింపనిండు.

నాకు "నాకేం సదువప్పా" అన్న వృద్ధుడు నేడును అరుగుమీదనే యున్నాడు. సభ ముగిసిన పిమ్మట నేను పలక నొకటి తీసికొని ఆయన ప్రక్కన కూర్చుండెదను. ఒక కొన ఆయన పట్టుకొనును, ఒక కొన నేను పట్టుకొందును. ఆయన నాకు వాన గురుతులు, విత్తనపు గుణములు చెప్పును. నేను ఆయనకు అక్షరములు చెప్పుదును. ఎవరు గురువో, ఎవరు శిష్యుడో వచ్చు వార్షికోత్సవము నాటికి మీరే నిర్ణయింపుడు.