ఉమ్మడి లోకం – ఒక కథకుడు, ఆయన పాఠకులు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పండితులము కాము. మెట్రిక్‌తో చదువుకు స్వస్తి చెప్పి రైల్వేలో గుమాస్తాగా కాలం గడుపుతున్నాము. పార్సిల్ రశీదులు వ్రాసే చేతికి సాహిత్యోపన్యాసం అప్పగించడం కార్యవర్గం వారి సాహసమే. అయితే తీరిక చిక్కినప్పుడల్లా పుస్తకం పట్టుకునే అలవాటు ఒకటి ఉన్నది. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడినాము.

ఈనాటి విషయం కొంచెం కొత్తది. మన షోలాపురంలో కాలేజీకి వెళ్లే తెలుగు పిల్లలు ఇంగ్లీషులో లావుపాటి నవలలు చదువుతున్నారు. రాజులు, రెక్కల సర్పాలు, సింహాసనం కోసం కుట్రలు – ఇవీ వాటిలోని సరుకు. వ్రాసినవారు జార్జి ఆర్. ఆర్. మార్టిన్ అనే అమెరికా రచయిత. ఆ కథలను 2011 నుంచి 2019 దాకా టెలివిజన్‌లో చూపించగా లోకమంతా చూసింది. మన పెద్దలకు ఈ చదువు రుచించదు. “భారతం ఇంట్లో ఉండగా ఈ పరాయి గందరగోళం ఎందుకురా?” అంటారు. పిల్లలు నవ్వి ఊరుకుంటారు. ఈ ఇద్దరి నడుమ నిలబడి, మార్టిన్ గారు నడిపిన మరొక కథామాలను గురించి, దానిపై పాఠకులకూ ఆయనకూ ఏళ్ల తరబడి సాగిన ముచ్చట్లను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. ఆయనను మేము చూడలేదు. ఆయన బహిరంగంగా చెప్పినవీ, వ్రాసినవీ చదివి చెబుతున్నాము.

ఆ కథామాల పేరు ‘వైల్డ్ కార్డ్స్’. అది ఒక్కరి రచన కాదు. కల్పించుకున్న లోకం ఒకటే. అందులో పలువురు రచయితలు ఎవరి కథ వారు వ్రాస్తారు. ఒకరి కథలోని మనుషులు మరొకరి కథలోకి వచ్చి పోతుంటారు. ఇంగ్లీషు వారు దీనిని ‘షేర్డ్ వరల్డ్’ అంటారు. మనం ఉమ్మడి లోకం అనుకుందాము. ఉమ్మడి కుటుంబం ఎరిగినవారికి ఇంతకంటె వివరణ అక్కరలేదు. వంటయిల్లు ఒకటే, వండే చేతులు వేరు.

మార్టిన్ గారు 1948లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బయోన్ అనే రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి ఓడలలో సరుకు ఎత్తి దించే కూలి. వారు ఉండేది పేదలకని ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో. అక్కడ కుక్కను గాని పిల్లిని గాని పెంచనివ్వరు. కనుక పిల్లవాడు చిన్న చిన్న తాబేళ్లను తెచ్చి బొమ్మకోటలో పెట్టి పెంచాడు. అవి తరచు చచ్చిపోయేవి. ఎందుకు చచ్చిపోతున్నవి? సింహాసనం కోసం ఒకదానినొకటి చంపుకుంటున్నవని ఆ పిల్లవాడు కథ అల్లుకున్నాడు. కూలివాని కొడుకుకు కోట దొరికింది ఊహలోనే.

తరువాత బొమ్మల కథల పత్రికలు పట్టుకున్నాడు. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ అనే పత్రికకు ఒక అభిమాని ఉత్తరం వ్రాశాడు. అది 1963లో, ఆ పత్రిక 20వ సంచికలో అచ్చయింది. అప్పటికి అతనికి పదిహేనేళ్లు నిండలేదు. ఆ రోజులలో ఉత్తరం కింద వ్రాసినవారి చిరునామా కూడా వేసేవారు. దానిని చూసి తోటి పాఠకులు అతనికి తాము నడిపే చిన్న పత్రికలను పంపించారు. అతడు వాటికి కథలు వ్రాయసాగాడు. ఉత్తరం వ్రాసిన పాఠకుడే కథకుడయినాడు. ఈ సంగతి కొంచెం జ్ఞాపకం ఉంచుకోండి. మళ్లీ దీనితో పని ఉన్నది.

ఇట్టి రచయితను పాఠకులు అడిగే ప్రశ్నలు అనేకం. వాటిలో మాకు ముఖ్యమనిపించినవి మూడు.

మొదటిది – ఈ ఉమ్మడి లోకం ఎట్లా పుట్టింది?

ఆటలో పుట్టింది. 1983లో మార్టిన్ గారి పుట్టినరోజుకు విక్టర్ మిలాన్ అనే మిత్రుడు ‘సూపర్‌వరల్డ్’ అనే ఆటను కానుకగా ఇచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని వేషం కట్టి, మాటలతోనే కథ నడిపే ఆట అది. న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న రచయిత మిత్రులంతా చేరి రాత్రిళ్లు తెల్లవార్లూ ఆడేవారు. ఆ ఏడే వచ్చిన మార్టిన్ గారి నవల ఒకటి అమ్ముడుపోలేదు. చేతిలో డబ్బు తక్కువ. ఆటలో పడి వ్రాత కుంటుపడుతున్నది. ఇంత ఊహ ఖర్చు పెడుతున్నాము గదా, దీనిని పుస్తకం చేస్తే నాలుగు డబ్బులయినా రావా అనుకున్నారు. 1987లో మొదటి సంపుటం వచ్చింది.

ఆ లోకం కథ ఇట్లా ఉంటుంది. 1946 సెప్టెంబరు 15న న్యూయార్కు నగరం మీద పరగ్రహం నుంచి వచ్చిన వైరస్ ఒకటి విడుదలవుతుంది. అది సోకిన నూరుమందిలో తొంభైమంది చనిపోతారు. తొమ్మిదిమంది వికృతరూపులవుతారు. ఒక్కరికి మాత్రం అద్భుతశక్తి వస్తుంది. పేకాటలో ముక్క పడినట్లు ఎవరికి ఏది పడుతుందో తెలియదు. వికృతరూపులంతా నగరంలో ఒక పేటలో చేరి బ్రతుకుతారు. ఆ తేదీతో మొదలయ్యే మొదటి కథను వ్రాసిన హోవర్డ్ వాల్డ్రాప్ పుట్టినది కూడా సరిగ్గా 1946 సెప్టెంబరు 15నే. మార్టిన్ గారు తమ వంతుకు ‘తాబేలు’ అనే వీరుని సృష్టించారు. అతడూ బయోన్ కుర్రవాడే. ఉక్కు రేకులు తాపడం చేసిన కారు డొక్కలో దాక్కుని, మనోబలంతో దానిని గాలిలో నడుపుతాడు. బొమ్మకోటలోని తాబేళ్లు గుర్తుకు రావడం లేదూ?

రెండవ ప్రశ్న – ఇంతమంది ఒక్క లోకంలో ఉండి తగవుపడరా?

తగవు లేని ఉమ్మడి కాపురం ఎక్కడ ఉన్నది? అందుకే కట్టుబాట్లు పెట్టుకున్నారు. వీరికంటె ముందు, 1979లో, రాబర్ట్ ఆస్ప్రిన్ అనే ఆయన ‘థీవ్స్ వరల్డ్’ పేరుతో ఇట్టి సంకలనాన్నే మొదలుపెట్టాడు. అందులో ఒక మంచి నియమం ఉన్నది: తోటి రచయిత పాత్రను నీ కథలో వాడుకోవచ్చును గాని, అతనిని అడగకుండా చంపరాదు, స్వభావం మార్చరాదు. వైల్డ్ కార్డ్స్ వారూ ఆ దారినే నడిచారు. పాత్ర ఎవరిదో వారి సమ్మతి తీసుకోవాలి. ఒకరి పాత్ర మరొకరి కథకు పనికివస్తే వచ్చిన డబ్బులో ఆ పాత్రను పుట్టించినవారికీ వాటా ఉంటుంది. కథల మధ్య పొత్తు కుదిర్చే బాధ్యత సంపాదకుడిది.

మా రైల్వే భాషలో చెప్పాలంటే ఇది ‘లైన్ క్లియర్’ పద్ధతి. సింగిల్ లైను మీద మన స్టేషను నుంచి బండి వదలాలంటే ముందు స్టేషను వారు లైన్ క్లియర్ ఇవ్వాలి. బండి మనదే కావచ్చు, తొందర మనదే కావచ్చు. అవతలివారు సరే అననిదే సిగ్నలు పడదు. దీనిని ఎవరూ అవమానంగా భావించరు. అట్లా అడుగుతారు గనుకనే ఒక్క లైను మీద ఇన్ని బండ్లు నడుస్తున్నవి.

ఇందుకు ఒక చక్కని ఉదాహరణ చిత్తగించండి. రోజర్ జెలాజ్నీ అనే ప్రసిద్ధ రచయిత ఈ లోకానికి ‘స్లీపర్’ అనే పాత్రను ఇచ్చాడు. అతడు నిద్రపోతే వారాల తరబడి నిద్రపోతాడు. లేచిన ప్రతిసారీ కొత్త రూపు, కొత్త శక్తి. ఎవరి కథకయినా ఒదిగే మనిషి. జెలాజ్నీ 1995లో కన్నుమూశాడు. కాని ఆ స్లీపర్ తరువాతి సంపుటాలలో మిత్రుల చేతులలో మళ్లీ మళ్లీ మేలుకొన్నాడు. పోయినవాని పిల్లవానికి ఉమ్మడి ఇంటిలో అన్నం దొరికినట్లే గదా!

మూడవ ప్రశ్న – అయ్యా, మేమూ మీ లోకంలో కథలు వ్రాయవచ్చునా?

ఇక్కడ మార్టిన్ గారి జవాబు కొందరు పాఠకులను నొప్పించింది. వైల్డ్ కార్డ్స్‌లో పిలిచినవారికి, ఒడంబడిక చేసుకున్నవారికి చోటు ఉన్నది. సింహాసనం కథల లోకంలో మాత్రం మరెవరూ కాలు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. అభిమానులు తన పాత్రలతో కథలు అల్లడం తనకు సమ్మతం కాదని 2010లో బహిరంగంగానే వ్రాశారు. దానికి ఇద్దరు పాత రచయితలను సాక్ష్యం తెచ్చారు. టార్జాన్‌ను సృష్టించిన ఎడ్గార్ రైస్ బరోస్ తన సృష్టిని ఇతరులు తాకకుండా కాపాడుకుని ధనవంతుడయినాడు. లవ్‌క్రాఫ్ట్ అనే ఆయన తన ఊహలను మిత్రులకు పంచిపెట్టి పేదగానే పోయాడు. ఆయన వాదానికి ఆయువుపట్టు ఒక్క మాట – అనుమతి.

కోట ఆయనది, తలుపు ఆయన ఇష్టం. కలం మీద బ్రతికేవాని కష్టం మనం తక్కువగా చూడరాదు. అయినా ఉత్తరం వ్రాసి కథకుడయిన ఒకనాటి పిల్లవాడే ఈనాడు తలుపు వేసుకున్నాడని పాఠకులు బాధపడితే, వారినీ తప్పుపట్టలేము.

ఈ విషయంలో తెలుగువారి మర్యాద ఒకటి ఉన్నది. పదకొండవ శతాబ్దంలో నన్నయ గారు భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగిపోయారు. పదమూడవ శతాబ్దంలో తిక్కన గారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. నడుమ మిగిలిన ముక్కను పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన గారు పూరించారు. పూరించి ఏమి చేశారు? నన్నయ గారిని ఆదరించిన రాజరాజనరేంద్రునికే, నన్నయ గారు వ్రాసినట్లుగానే అంకితం చేశారు. పోయినవారిని అనుమతి అడగలేము. వారి గౌరవాన్ని మాత్రం కాపాడవచ్చును. ఇక మనవాళ్లు పొట్టలు చెక్కలయ్యేట్టు నవ్విన 1957 నాటి ‘మాయాబజార్’ సంగతి చూడండి. ఆ శశిరేఖ వ్యాసభారతంలో లేదు. తరువాతి వారు తెచ్చి కలిపిన పిల్ల. అయినా ఆమెను పరాయిది అన్న తెలుగువాడు లేడు. కనుక పెద్దలకు మనవి: మన పిల్లలు చదివే ఈ ఉమ్మడి లోకం పద్ధతి మనకు పరాయిది కాదు. పిల్లలకు మనవి: మీరు మెచ్చే పద్ధతి మీ ఇంటి అటక మీద కూడా ఉన్నది; దింపి చూడండి.

చివరగా ఒక్క సంగతి. వైల్డ్ కార్డ్స్ 1995 నాటికి పదిహేను సంపుటాలు వచ్చి ఆగిపోయింది. ఏడేళ్లు కొత్త సంపుటం లేదు. 2002లో ఒక ప్రచురణకర్త ముందుకు వచ్చి, రెండు సంపుటాలు వేసిన తరువాత ఆ సంస్థే మూతపడింది. అంతటితో అయిపోయిందనే ఎవరయినా అనుకుంటారు. కాని 2008లో మరొక సంస్థ ద్వారా మళ్లీ లేచింది. ఎట్లా? పాతవారు తమ కుర్చీలు కొంచెం పక్కకు జరుపుకున్నారు. డేనియల్ ఏబ్రహాం, క్యారీ వాన్, ఇయాన్ ట్రెగిల్లిస్ వంటి కొత్తవారిని పిలిచారు. పాత సంపుటాలు చదవనివారికి కూడా అర్థమయ్యేటట్లు కొత్తతరం పాత్రలతో కథ మొదలుపెట్టారు. అట్లా ముప్ఫై సంపుటాలు దాటింది. పాతవారే పట్టుకుని కూర్చుంటే పదిహేనుతో సరిపోయేది.

ఇది మనకు చెప్పినట్లు లేదూ? మగ్గం పట్టుకుని తెలంగాణ నుంచి వచ్చిన మన తాతలు ఈ ఊరిలో ఒక తెలుగు లోకం కట్టారు. పడుగు వారు పోశారు. పేక మనం నేస్తున్నాము. తరువాత కండె ఎవరి చేతికి? మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, కాలేజీలో ఇంగ్లీషు చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. వ్రాయమంటే మాత్రం అక్షరాలు కూడబలుక్కునేవారే ఎక్కువ. ఈ సంచికలోనూ ఏటేటా ఆ పాత పేర్లే కనిపిస్తున్నవి. “పిల్లలు వ్రాయరు” అని మనం అంటాము. “వ్రాస్తే తప్పులు పట్టి నవ్వుతారు” అని వాళ్లు అంటారు.

కనుక కార్యవర్గం వారికి ఒక సూచన. వచ్చే ఉగాది సంచికలో ఒక ఉమ్మడి కథ వేద్దాము. ఒక తెలుగు వీధిని కల్పించుకుందాము. అందులో ఇల్లు ఒక్కొక్కరిది. తాతలు పాత ఇళ్ల కథ వ్రాయనీ. పిల్లలు ఆ వీధిలోకి రెక్కల సర్పాన్నే తెచ్చినా తేనీ. అక్షరాలు రాని పిల్లలు చెబితే అమ్మో, అత్తయ్యో పక్కన కూర్చుని వ్రాసిపెట్టాలి. సంతకం మాత్రం పిల్లలే తెలుగులో చేయాలి. కట్టుబాట్లు మూడే: ఒకరి పాత్రను అడగకుండా చంపరాదు; ఒకరి తెలుగును చూసి మరొకరు నవ్వరాదు; ఏటా ఒక్క కొత్త చెయ్యి అయినా చేరాలి.

తలుపు తీయవలసినవారు పెద్దలు. లోపలికి రావలసినవారు పిల్లలు. లైన్ క్లియర్ ఇవ్వండని పెద్దలను ప్రార్థిస్తున్నాము.