పెన్న ఒడ్డున తీరిగ్గా

ఉద్యోగ విరమణ తర్వాత ఒంటరిగా ఊళ్లు చూడాలనుకునే పెద్దలకు నేను మొదట చెప్పే పేరు కడప. తిరుపతి వెళ్తూ చాలామంది రైల్లో దాటిపోయే ఊరు. అక్కడ గది తీసుకుని ఓ వారం ఉండండి. రోజుకు ఒక్కచోటే చూడండి, రెండో దానికి ఆశపడొద్దు.

ఒంటిమిట్ట దగ్గరే. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో కొలువై ఉంటారు, హనుమంతుడు ఉండడు. మండపం స్తంభాల శిల్పాల దగ్గరే ఒక పూట గడిచిపోతుంది, గడవనివ్వండి. పుష్పగిరి, సిద్ధవటం కోట రెండూ పెన్న ఒడ్డునే. గండికోటకు జమ్మలమడుగు మీదుగా వెళ్లాలి. ఎర్రమల కొండలను నది కోసిన లోయ, దాని అంచున కోట, లోపల మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం. అక్కడ రాళ్లు ఎగుడుదిగుడు. చేతికర్ర, పట్టున్న చెప్పులు తప్పనిసరి.

కాళ్లు సహకరించని రోజు సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చోండి. ఆయన బంగ్లా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాలు పరిష్కరింపజేసిన చోటే అది వెలసింది. నాకు కడపలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు.

వేసవిలో మాత్రం వద్దు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మేలు. మందుల చీటీ, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు జేబులో పెట్టుకోండి. 60 దాటినవారికి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ టికెట్టులో 25 శాతం రాయితీ ఇస్తుంది, ఆధార్ కార్డు మరవకండి.