పట్టణమున గృహక్రయము: కొలదిపాటి ధనము గలవారు చూడవలసిన విషయములు

(ఆత్మకూరున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు మాటలాడియున్నారు. నిర్వాహకులు నా కొసగిన విషయము వానికంటె నేలబారుగా గన్పట్టవచ్చును. ఐనను ఈ పందిటిలో గూర్చున్న కుటుంబములలో పెక్కింటికి నేటి తలపోత యిదియే. కొడుకో కూతురో హైదరాబాదునందో, బెంగుళూరునందో, కర్నూలునందో యుద్యోగమున నున్నారు. ఇక్కడ తాతలనాటి మిద్దెయొకటి, రెండెకరముల చేను కలవు. వానిని విక్రయించి నగరమున నొక గూడు సంపాదింపవలెనని పిల్లలును, విక్రయించిన పిమ్మట మా గతి యేమని పెద్దలును దలచుచున్నారు. ఒక జీవితకాలపు కూడబెట్టు ఒక్క సంతకముతో చేతులు మాఱు వ్యవహారము మనవంటివారికి ఇంతకు మించి మఱియొకటి లేదు.

ఇల్లు పోవుట యననేమో మన ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. శ్రీశైలము జలాశయము నిండుటకై 1981 ప్రాంతమున కృష్ణా తుంగభద్రల యొడ్డున నున్న నూఱుదాక గ్రామములు ఖాళీ చేయబడెను. సంగమేశ్వరాలయము వేసవిలో నీరు తగ్గినప్పుడే దర్శన మిచ్చుచున్నది. ఆ యూళ్లనుండి వచ్చినవారిలో పలువురు ఆత్మకూరు, నందికొట్కూరు వీథులలో నిలువనీడ వెదకికొనిరి. చేతిలో పరిహారపు సొమ్ము గలదు. దానిని పెట్టవలసిన చోటు మాత్రము తెలియదు. ఆ తరమువారి యనుభవమును మన పిల్లలు ఇంటిలోని ముసలివారి నడిగి తెలిసికొన్నచో నా యుపన్యాస మవసరము లేకపోవును.

ఆ ముంపు మనకొక యంకెను నేర్పినది: 885. జలాశయము నిండుమట్టము అన్ని యడుగులు. మోటుగా జెప్పవలెనన్న, ఆ గీటునకు క్రింద నున్నది నీటి సొత్తు, పైన నున్నది మనుష్యుల సొత్తు. 2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన వచ్చిన వఱదలో ఆ మట్టము 896 అడుగులు దాటెను. తుంగభద్రయు హంద్రియు కలిసి కర్నూలు పాతపట్టణమును ముంచెత్తెను. ఇండ్ల క్రింది యంతస్తులు నీటిపాలై, దస్తావేజులు, పుస్తకములు, ధాన్యము, వస్త్రములు బురదలో గలసిపోయెను. అంతకు ముందు అక్కడ స్థలము చౌకగా దొరకినదని సంతోషించినవారికి ఆ చౌకకు గల కారణము ఒక్కరాత్రిలో తెలిసివచ్చెను. కావున ఏ పట్టణమున నైనను, ఏ వీథియందైనను, ఇల్లు చూడబోవునప్పుడు మీ మొదటి ప్రశ్న "ధర యెంత?" అని కాక "నీరు ఎంతవఱకు వచ్చినది?" అని యుండవలయును. దీనిని అమ్మువానిని అడుగరాదు. ఎదుటి యంగడివానిని, పాలు పోయు స్త్రీని, పాతికేండ్లుగా ఆ వీథిలో కాపురమున్న యద్దెవారిని అడుగవలెను. నంద్యాలలో నైనచో కుందూనది యొడ్డును, చామకాల్వ యొడ్డును చూచునప్పుడు ఈ ప్రశ్న మఱువరాదు.

హైదరాబాదులో ఈ గీటునకు ఎఫ్.టి.ఎల్. అని పేరు. చెఱువు పూర్తిగా నిండినపుడు నీరు నిలుచు హద్దు అది. మన 885 వంటిదే. దానికి వెలుపల మఱికొంత మేర కట్టడములు నిషిద్ధము. 10 హెక్టార్లకు మించిన చెఱువులకు ఆ మేర 30 మీటరులు. ఆ నగరము వందలకొలది చెఱువుల నడుమ పెరిగినది. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి మూసీ వఱదను మన ముత్తాతలు చెప్పుకొనిరి. 2020 అక్టోబరునాటి ముంపును మనమే చూచితిమి. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ యేర్పడిన పిమ్మట చెఱువుల పరిధిలో నున్న కట్టడములు పెక్కు కూల్చబడెను. ఇల్లు పోయినవారిలో కొందఱు "మాకు రిజిస్ట్రేషను కలదు, బ్యాంకు అప్పిచ్చినది, పన్ను కట్టుచున్నాము" అని మొఱపెట్టిరి. ఆ మొఱ న్యాయమైనదే. ఐనను నేను చెప్పవలసిన కఠోరసత్య మొకటి కలదు: రిజిస్ట్రారు కార్యాలయము పత్రమును నమోదు చేయును గాని ఆ నేల చెఱువా చేనా యని చూచి పూచీ వహింపదు. బ్యాంకు తన యప్పును కాపాడుకొనును గాని మీ యింటిని కాదు. చెఱువుల పటములు హెచ్.ఎం.డి.ఏ. వారు వెల్లడించియున్నారు. సర్వే సంఖ్యను వానితో సరిచూచుటకు అరపూట చాలును.

మనలో ఈశాన్యము చూడని వారు లేరు. వాకిలి యే దిక్కున నున్నది, వంటయిల్లు ఆగ్నేయమున నున్నదా, వీథిపోటు కలదా యని మూడుమాఱులు సిద్ధాంతిని దీసికొనిపోయెదరు. వలదని నేను చెప్పను. సిద్ధాంతికి ఇచ్చు సంభావనతో సమానముగా ఒక మంచి న్యాయవాదికిని ఇయ్యుడని మాత్రము కోరుచున్నాను.

ఇక ధనము. ఒక కుటుంబమును ఊహించుకొందము. భార్యాభర్తల నెలరాబడి 60,000 రూపాయలు. కూడబెట్టినది 15 లక్షలు. రాబడిలో మూడవవంతునకు మించి అప్పు తీర్చుటకు పోరాదని నా యభిప్రాయము. అనగా నెలకు 20,000. నూటికి తొమ్మిదివంతున వడ్డీ యనుకొని 20 ఏండ్ల గడువున లెక్కించినచో లక్షకు నెలకు సుమారు 900 రూపాయలు కట్టవలసివచ్చును. కావున 22 లక్షలకు మించి అప్పు తగదు. ఆ 22 లక్షలకు 20 ఏండ్లలో కట్టునది సుమారు 47 లక్షలన్నర యగునని గుర్తుంచుకొనుడు. చేతి సొమ్ము, అప్పు కలిసి 37 లక్షలు. దీనిలో రోగములకును ఉద్యోగము పోయిన దినములకును రెండు లక్షలు ముట్టరాని సొమ్ముగా నుంచుడు. బీరువాలకును, దీపములకును, గృహప్రవేశమునకును రెండు లక్షలు. మిగిలిన 33 లక్షలలో రిజిస్ట్రేషను సుంకములు కలవు; ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును ఇవన్నియు కలిసి సామాన్యముగా నూటికి ఏడున్నర. ఆ సుంకములకు బ్యాంకు సామాన్యముగా అప్పీయదు. అంతయు తీసివేయగా, ఈ కుటుంబము 30 లక్షలు మించిన యింటివైపు కన్నెత్తి చూడరాదు. ఐనను ఆ 30 లక్షల యింటిపై 27 లక్షలవఱకు అప్పిచ్చుటకు రిజర్వు బ్యాంకు నియమములు అనుమతించుచున్నవి. ఇచ్చెదమన్నంత పుచ్చుకొనవలెనని నియమము మాత్రము లేదు.

హైదరాబాదు నడుమ ఈ ధరకు చక్కని క్రొత్త యిల్లు దొరకుట దుర్లభము. అందుచే మనవారు అవుటరు రింగురోడ్డును దాటి పోవుచున్నారు. అక్కడి ధర చౌక, గాలి మంచిది, చిత్రపటము లింపైనవి. కాని యుద్యోగస్థలమునకు దినమునకు రాకపోకలు మూడుగంటలు పట్టినచో, ఏటికి 300 పనిదినములకు 900 గంటలగును; అనగా 37 పగళ్లును 37 రాత్రులును దారిలోనే గడచును. ఆ గంటలలో పిల్లవాని పాఠము చూచువారెవ్వరు? తల్లిని ఆసుపత్రికి దీసికొనిపోవువారెవ్వరు? క్రొత్త కాలనీలలో కుళాయినీరు రాకున్న వేసవిలో ట్యాంకరునకు ఎదురుచూడవలయును. శ్రీశైలము దాటి నాగార్జునసాగరమునకు పోయిన కృష్ణనీరు హైదరాబాదున కొన్ని యిండ్లకు 2004 నుండి అందుచున్నది. మన యూళ్లను ముంచిన నదియే యక్కడి యింటిధరను పెంచుచున్నదని నా కప్పుడప్పుడు తోచును.

ఇట్టి స్థితిలో నా సలహా పెద్దలకు రుచింపకపోవచ్చును. ఉద్యోగము స్థిరపడని పిల్లలు ఉద్యోగస్థలమునకు దగ్గఱగా అద్దెకుండుట మేలు. అద్దె వృథావ్యయమని మనము తలంతుము. అప్పు వడ్డీయును తిరిగి రాని సొమ్మే గదా! ఐదేండ్లు అద్దెకుండి ఆ వీథిని, ఆ నీటిని, ఆ పొరుగును ఎఱిగి కొన్న యిల్లు, ఆదివారమునాడు ఒక్కపూట చూచి కొన్న యింటికంటె వేయిరెట్లు మేలైనది.

పెద్దవారు తాము కూడ కాపురముండదలచినచో, కర్నూలు నంద్యాలలను ఏల చూడరు? కర్నూలునందు వైద్యకళాశాలయు పెద్దాసుపత్రియు కలవు. హైదరాబాదు కాచిగూడకు రైలు కలదు. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల జిల్లా యేర్పడుటచే మన కచ్చేరిపనులు అక్కడికే మాఱినవి. 2016లో ఎఱ్ఱగుంట్లవఱకు రైలుమార్గము తెఱువబడినది. మోకాళ్లనొప్పులతో నున్న తల్లి నడచి పోగల దూరమున కూరగాయల యంగడియు, మందులదుకాణమును, గుడియు నున్న యిల్లు చిన్నదైనను పెద్దదే. తొమ్మిదవ యంతస్తున ఆమెను గూర్చుండబెట్టి "అమ్మ మాయొద్ద సుఖముగా నున్నది" అనుట ఆమె నడుగక చెప్పుమాట.

ఐతే కర్నూలు విషయమున నొక హెచ్చరిక. ఆ నగరము 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. కచ్చేరీలు డేరాలలో నడచెను. 1956 నవంబరు 1వ తేదీతో ఆ వైభవము హైదరాబాదునకు తరలిపోయెను. మఱల 2019 డిసెంబరులో న్యాయరాజధాని యను మాట పుట్టెను; 2020లో చట్టమయ్యెను; 2021 నవంబరులో ఆ చట్టము వెనుకకు దీసికొనబడెను. రాజధాని వచ్చునని విని కొన్న స్థలము రాజధాని రాకున్నను కాపురమునకు పనికివచ్చునా యని ముందుగానే యోచింపవలయును. రానున్న రోడ్డు, రానున్న కర్మాగారము, రానున్న మెట్రో, ఇవి యన్నియు అమ్మువాని నోట ముందే వచ్చియుండును. ఈనాడు ఆ వీథిలో బస్సు ఆగునా యని చూడుడు.

పత్రముల సంగతి త్వరగా చెప్పెదను. ముప్పదియేండ్ల లింకు దస్తావేజులును, అంతకాలపు ఈ.సి.యును చూడవలయును. పేదలకు ప్రభుత్వ మిచ్చిన డి.పట్టా భూములను కొనుటకు 1977నాటి చట్టము సామాన్యముగా అడ్డము. దేవాదాయ, వక్ఫు భూములు 22-ఏ జాబితాలో నుండును. జనరలు పవరు మాత్రమే వ్రాయించుకొన్నచో స్వామ్యము సంక్రమింపదని 2011లో సుప్రీముకోర్టు స్పష్టము చేసెను. 500 చదరపు మీటరులకు మించిన లేఅవుటుగాని, ఎనిమిదింటికి మించి యిండ్లున్న కట్టడముగాని, 2016నాటి రేరా చట్టము క్రింద నమోదుకానిదే అమ్మరాదు. వ్రాతమూలక మగు ఒప్పందము లేనిదే నూటికి పదివంతులకు మించి బయానా పుచ్చుకొనరాదు. పునాదియైన లేని కట్టడములో భాగము వ్రాసియిచ్చెదము, ఇప్పుడే మొత్తము కట్టినచో సగముధర యనువాడు కనబడినచో, అతడు మన కులమువాడైనను దూరముగా నుండుడు. మనవాడని నమ్మి మోసపోయినవారి కథలు ఈ సభలోనే వినవచ్చును. కులము పేరు చెప్పి సొమ్ము వసూలుచేయువానికి ఈ సంఘము వేదికపై చోటీయరాదని నా దృఢాభిప్రాయము.

మఱియొక ముఖ్యాంశము. నగరపు టింటికై ఇక్కడి పిత్రార్జితమును విక్రయించునప్పుడు ఆడపిల్లల సంతకము లేకయే పని గడుపజూచువారు మనలో నున్నారు. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండియే మన రాష్ట్రమున అవివాహితలగు కూతుండ్రకు సమభాగము కలదు. 2005నాటి కేంద్రచట్టముచే వివాహితలకును కలిగెను. తండ్రి ఆ చట్టమునాటికి జీవించియుండనక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు చెప్పెను. చట్టమునకు భయపడి కాదు, ఇంటి యాడుబిడ్డ కన్నీటిపై కట్టిన గృహము మనకేల? ఆమె నడిగి, ఆమె భాగ మామె కిచ్చి, మిగిలినదానితో ఎంత వచ్చునో అంతయే కొనుడు. కొన్న యింటి దస్తావేజున భార్యపేరు కూడ వ్రాయింపుడు.

కడపట నొకమాట, పోషకులు క్షమింతురుగాక. మనవారి వీథిలోనే యిల్లు దొరకవలెనని పలువురు కోరుదురు. కష్టసుఖములకు మనవారు దగ్గఱ నుండుట మంచిదే. దానికి నే నడ్డుపడను. కాని నగరములలో అద్దెయిల్లు అడుగబోయినప్పుడు "మీరెవరు?" అని కులమడిగి తలుపు వేసినవారిని మన పిల్లలు చూచియున్నారు, ఆ బాధను ఇంటికి వచ్చి చెప్పియున్నారు. రేపు మనమే ఇంటి యజమానులమై, మన మేడపైభాగమును అద్దెకిచ్చునప్పుడు అదే ప్రశ్న అడుగుదుమా? వీథిని కులముచే గాక, మురుగుకాలువచేతను, బడిచేతను, రాత్రి పదిగంటలకు ఆడపిల్ల యొంటరిగా నడచి రాగలుగుటచేతను ఎన్నుకొనుడు.

సంఘమునకు నా ప్రార్థన యిది. రిజిస్ట్రేషను శాఖయందును, రెవెన్యూ శాఖయందును పనిచేసి విశ్రాంతి దీసికొన్న పెద్దలు మనలో నున్నారు, న్యాయవాదులును కలరు. వారిలో నలుగురిని ఒక చిన్న సమితిగా నేర్పఱచి, నెలకొక ఆదివారము మన వసతిగృహమున గూర్చుండబెట్టి, ఇల్లుకొనదలచిన సభ్యులు తెచ్చు పత్రములను ఉచితముగా పరిశీలింపజేయవలెను. ఆ సమితివారు స్థలముల క్రయవిక్రయములలో దళారీతనము చేయువారై యుండరాదు. చూచిన పత్రములను గూర్చి తమ యభిప్రాయమును వ్రాతమూలముగా నిచ్చి, దాని నకలును సంఘకార్యాలయమున నుంచవలెను. ఈ మేరకు తీర్మానమును వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చియున్నాను. సాయంకాలపు సభలో చర్చకు దీసికొందురని నమ్ముచున్నాను.