దుకాణం ఉన్నచోటే కనిపించాలి
(చిన్న వ్యాపారులు, వృత్తిపనివారల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన గుంటూరులోని చిన్న వ్యాపారుల వివరాలను ఒకచోట చేర్చిన వెబ్‌సైటు గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. నేను ఇంజనీరును కాను. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చినవారు సొమ్ము పుచ్చుకున్న కొద్ది నెలలకే ఫోను ఎత్తడం మానివేశారు. దానితో ఆ భారం నా మీద, డిగ్రీ చదువుతున్న ఇద్దరు కుర్రవాళ్ల మీద పడింది. మేము పడ్డ తిప్పలు, దిద్దుకున్న తీరు చెబుతాను. వేరే ఊళ్లలో ఇలాంటి ప్రయత్నం తలపెట్టినవారికి అక్కరకు రావచ్చు.

మొదటి ఫిర్యాదు లాలాపేటలో పరుపులు కుట్టే ఒక పెద్దాయనది. "సాబ్, నా దుకాణం సముద్రంలో ఉందని మా మనవడు చూపిస్తున్నాడు" అన్నారు. చూస్తే నిజమే. భూమి మీద ఏ చోటునైనా అక్షాంశం, రేఖాంశం అనే రెండు సంఖ్యలతో గుర్తిస్తారు. గుంటూరుకు అవి సుమారు 16.30, 80.44. ఈ రెంటినీ తారుమారు చేస్తే మన పరుపుల కొట్టు ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు ఎగువనున్న మంచు సముద్రంలో తేలుతుంది. గూగుల్ మ్యాప్‌లో అక్షాంశం ముందు వస్తుంది; జియోజేసన్ అనే పద్ధతిలో రేఖాంశం ముందు రాయాలి. ఒకదానినుంచి మరొకదానికి ఎత్తిరాసేటప్పుడు ఆ తేడా ఎవరూ గమనించలేదు. మరికొన్ని దుకాణాలు ఆఫ్రికా పడమటి తీరాన గినియా సింధుశాఖలో కనిపించాయి. వాటి గళ్లు ఖాళీగా ఉన్నందున యంత్రం సున్నా, సున్నా అని రాసుకుంది. ఆ రెండు సున్నాలూ కలిసే చోటు అదే. ఇప్పుడు నమోదు పత్రానికే హద్దు పెట్టాము. అక్షాంశం 16.0కు 16.6కు మధ్య, రేఖాంశం 80.2కు 80.7కు మధ్య లేకపోతే వెబ్‌సైటు ఆ దరఖాస్తును స్వీకరించదు.

సముద్రంలో ఉన్న దుకాణం తప్పని ఎవరికైనా తెలుస్తుంది. ఊళ్లోనే ఉండి, తన వీధిలో లేని దుకాణం సంగతే కష్టం. చాలా పేర్లకు మ్యాప్‌లో ఒకే బిందువు కనిపించేది. కారణం మన చిరునామాలే. "నీళ్ల ట్యాంకు వెనుక, సోడా కొట్టు పక్క సందు" అంటే మనకు తెలుస్తుంది, యంత్రానికి తెలియదు. అది చివర ఉన్న పిన్‌కోడ్‌ను మాత్రం పట్టుకుని, ఆ ప్రాంతం నడుమ ఎక్కడో ఒక చుక్క పెట్టి ఊరుకుంటుంది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న ఉత్తరాల బట్వాడా కోసం వచ్చింది. అది పోస్టాఫీసు పరిధిని చెబుతుంది, తలుపును కాదు. గ్రిల్లు పనికోసం మన వెల్డింగు సోదరుడిని వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన ఆ చుక్క దగ్గర చాలాసేపు తిరిగి, ఎదురుపడిన వేరే షాపులో పని అప్పగించి వెళ్లాడు. అది ఆ ఇంటి నెల సరుకుల డబ్బు.

దీనికి కాళ్లరిగేలా తిరగడమే మందు. షట్టరు ముందు నిలబడి, ఫోనులో ఆ చోటును నొక్కి, వచ్చిన సంఖ్యను నమోదు చేశాము. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలే రాస్తే తేడా కిలోమీటరు దాకా ఉండవచ్చు. నాలుగు అంకెలు రాస్తే సుమారు పదకొండు మీటర్లలోపు వస్తుంది.

చిన్న మరమ్మతులు త్వరగా చెప్పి ముగిస్తాను. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారితే డేటాబేసును యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి, పాడైన పేర్లను మళ్లీ ఎక్కించాలి. 'నాకు దగ్గరలో' మీట పనిచేయకపోతే వెబ్‌సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవుతుందో లేదో చూడాలి. అది లేనిదే బ్రౌజర్లు మనిషి ఉన్న చోటును చెప్పవు. ఐదు కిలోమీటర్లు అడిగితే ఎనిమిది కిలోమీటర్ల దూరపు దుకాణాలు వస్తున్నాయంటే లెక్క మైళ్లలో ఉన్నదన్నమాట. ఇక విభాగాల పేర్లు. తయారుచేసినవారు 'టైర్ సర్వీసెస్' అని పెట్టారు. బండి ఆగిపోయిన మనిషి 'పంచర్ షాపు' అని వెతుకుతాడు. కళాయి పోసేవారిని వారు ఏ పేరు కింద దాచారో కనిపెట్టడానికి మాకు ఒక పూట పట్టింది.

ఇంతవరకు చెప్పినది యంత్రం తప్పు. ఇకముందు చెప్పేది మా తప్పు.

సంగడిగుంటలో ఒక సోదరి ఇంటి దగ్గరే మగ్గం పని చేస్తుంది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. మా ఉత్సాహంలో ఆమె గుమ్మాన్ని కూడా పదకొండు మీటర్ల లెక్కతో లోకానికి చూపించాము. కొత్త పని వచ్చింది, నిజమే. దానితోపాటు వేళకాని వేళ ఫోన్లు, పనిలేనివారి తలుపు చప్పుళ్లు కూడా వచ్చాయి. ఆమె మా వద్దకు వచ్చి, "భాయ్‌సాబ్, నా పేరు తీసేయండి. వచ్చే పని కూడా వద్దు" అన్నది. పని చూపిద్దామని మొదలుపెట్టిన మేము ఆమె చేత పని వద్దనిపించాము.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత దుకాణాలను, ఇళ్లను రెండు వేర్వేరు రకాలుగా విడదీశాము. ఇంటి నుంచి పనిచేసేవారికి పేట పేరు మాత్రమే కనిపిస్తుంది. ఫోను నంబరు కనిపించదు. కావలసినవారు సందేశం రాసి పంపితే, ఇష్టమైతే ఆమే తిరిగి పిలుస్తుంది. అంతటితో అయిందనుకున్నాము. మా కుర్రవాళ్లలో ఒకడు పేజీ వెనుకనున్న కోడ్ తెరిచి చూపాడు. మ్యాప్ మీద చుక్క మాయమైంది గాని, అసలు సంఖ్య అక్కడే పడి ఉంది. తెలిసినవాడు క్షణంలో చదువుకోగలడు. తెర మీద దాచడం దాచడం కాదు. అందుచేత ఇళ్ల విషయంలో డేటాబేసులోనే రెండు దశాంశాలకు కుదించి రాశాము. లేని వివరాన్ని ఎవరూ దొంగిలించలేరు. వేరే ఊళ్ల మిత్రులారా, మీ వెబ్‌సైటులో ఈ అమరికను మొదటిరోజే చేయండి. సమ్మతి సంతకాన్ని ఇంట్లో మగవారి దగ్గర కాక పనిచేసే ఆమె దగ్గరే తీసుకోండి.

యజమాని మతం అనే గడి కూడా ఉంచాలని కమిటీలో కొందరు సూచించారు. నేను వ్యతిరేకించాను. కావడి యాత్ర దారిలోని తినుబండారాల కొట్లపై యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాలను సుప్రీంకోర్టు 2024 జులై 22న నిలిపివేసింది. ఎవరూ అడగకముందే అలాంటి జాబితాను మన చేతులతో మనమే తయారుచేసి ఇవ్వడం ఎందుకు? ఫ్యాను బాగుచేయించుకునేవాడికి దూరం, పనివేళలు తెలిస్తే చాలు. ఆ గడి లేదు.

సంగడిగుంట సోదరి కొత్త అమరికను తన ఫోనులో తానే పరీక్షించి, రెండు నెలల తర్వాత మళ్లీ నమోదు చేసుకున్నది. ఆనందపేటలో మాత్రం ఇంకా చాలా దుకాణాలు పిన్‌కోడ్ చుక్క మీదనే ఉన్నాయి. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు కుర్రవాళ్లు ఫోన్లతో అక్కడికి వస్తారు. దయచేసి షట్టర్లు తీసి ఉంచండి.